గంగమ్మ ఎవరి పక్షం?

(మదనపల్లెలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గ్రామాల్లో పనిచేసే మనకి తరచూ ఎదురయ్యే మాట ఒకటుంది: "దేవుడు మెచ్చడమ్మా!" భర్త పోయిన మనిషి బొట్టు పెట్టుకున్నా, ఆడపిల్ల ఆస్తిలో వాటా అడిగినా ఇదే మాట. దేవుడున్నాడా లేడా అనే చర్చ ఇవాళ నేను పెట్టను. అది మొదలుపెడితే మీటింగులో సగం మంది లేచిపోతారని మనందరికీ తెలుసు. నేను అడిగేది ఒకటే. ఆయన మెచ్చేదేమిటో, మెచ్చనిదేమిటో నిర్ణయించిందెవరు?

మనం కూర్చున్న ఈ మదనపల్లెలోనే తేదీలతో సహా ఒక ఉదాహరణ ఉంది. 1895లో ఇక్కడ పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని 1909లో అడయారులో దివ్యజ్ఞాన సమాజం పెద్దలు చూసి, రాబోయే జగద్గురువు ఈ పిల్లవాడే అన్నారు. 1911లో అతని కోసం ఒక సంఘం పెట్టారు. తన బిడ్డల్ని తనకిప్పించమని తండ్రి కోర్టుకెక్కాడు. (తల్లి అప్పటికే లేదు.) 1929లో హాలండులో 3,000 మంది సభ్యుల ముందు ఆ సంఘాన్ని కృష్ణమూర్తే రద్దు చేశాడు. ఇరవై ఏళ్ళలో ఒక అవతారం తయారైంది. అవతారమే నోరు తెరిచి వద్దంది కాబట్టి ఆగింది. రాతి విగ్రహానికి ఆ వీలు లేదు.

మన అమ్మవార్ల పుట్టుకకి ఇలాంటి రికార్డు లేదు, కథలున్నాయి. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ కథే చూడండి. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు ఆమె జోలికీ వచ్చాడు. ఆమె ఉగ్రరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. రోజుకో వేషం వేసి వెతికింది. చివరికి దొర వేషంలో వెళితే, నిజంగా దొరే వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడు. తల నరికింది. ఏ కచేరీలోనూ ఎవరూ వినని ఆడవాళ్ళ ఫిర్యాదు ఇది. ఇందులో అణకువ లేదు, ఓర్పు లేదు. కుప్పంలో మే నెలలో జాతర చేసేది కూడా ప్రసన్న తిరుపతి గంగమ్మకే.

ఇక పుంగనూరు రండి. అక్కడి సుగుటూరు గంగమ్మ జమీందారుల కులదైవం. జాతరలో అమ్మవారు కొలువుతీరేది వాళ్ళ ప్యాలెస్‌లోనే. ఒకచోట దొరల తల నరికిన గంగమ్మ ఇంకోచోట దొరల ఇంటి దేవత! కథ ఎవరి నోట ఉంటే, గుడి ఎవరి చేతిలో ఉంటే, అమ్మవారు వాళ్ళ పక్షాన మాట్లాడుతుంది.

ఉమ్మడి చిత్తూరు జిల్లా తూర్పు మండలాల్లో మాతమ్మ ఉంది. బిడ్డకి జబ్బు చేస్తే, బతికితే నీకే వదులుతామని దళిత తల్లిదండ్రులు మొక్కుకుంటారు. ఆ పిల్లకి అమ్మవారి పేరున తాళి కడతారు. ఇక ఆమెకి పెళ్ళి ఉండదు. జాతరల్లో ఆడాలి. ఊళ్ళో మగవాళ్ళు ఆమెని తమ సొత్తనుకుంటారు. దేవతలకి ఆడపిల్లల్ని అంకితం చెయ్యడాన్ని 1947లో మద్రాసు చట్టం, 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం నిషేధించాయి. అయినా మాతమ్మల విషయంలో 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసులివ్వాల్సి వచ్చింది. జబ్బులు భూస్వాముల పిల్లలకీ వచ్చాయి కదా, మరి వాళ్ళ కూతుర్ని మాతమ్మ ఎందుకు అడగలేదు?

ఆచారం తప్పితే అమ్మవారికి కోపమొస్తుందని భయపెడతారు. మశూచిని కూడా అమ్మవారి కోపమనే అనుకున్నాం. టీకాలు వేయించుకున్నాం. 1975 తర్వాత దేశంలో ఆ జబ్బే లేదు. జాతరలు మాత్రం ఆగలేదు, అమ్మవారూ అలగలేదు.

మాతమ్మగా బతికిన ఒకామెని నేనీ సంగతే అడిగాను. "అమ్మోరు నన్ను అడగలేదక్కా, మా నాయన ఇచ్చేసినాడు" అంది. తర్వాత కూతురి బడి దరఖాస్తు తీసి, తండ్రి పేరు దగ్గర ఏం రాయాలని అడిగింది. తల్లి పేరు రాయిద్దామన్నాను. అలాంటి దరఖాస్తులు మీ మండలాల్లో ఎన్నున్నాయో మధ్యాహ్నం కూర్చుని లెక్క రాసుకుందాం.