రంగుల దారాల చేతిసంచి



మా గోదావరి జిల్లాలవారికి క్రోషియా సూది కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దిలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఇంటింటి పని అయింది. ఈవేళ అదే సూదితో రంగుల చేతిసంచి ఎలా అల్లుకోవచ్చునో చెబుతాను.

నాలుగు రంగుల నూలుదారం తీసుకోండి. అన్నీ ఒకే లావు ఉండాలి, లేకపోతే సంచి ఒక పక్కకు లాగేస్తుంది. ఎరుపు, ముదురు నీలం దారాలను ముందుగా తడిపి, తెల్లగుడ్డలో నొక్కి చూడండి. రంగు దిగిందా, అవి తెలుపు పక్కన వద్దు.

అడుగుభాగం ఆరు కుట్లతో మొదలుపెట్టి, ప్రతి వరుసలోనూ చుట్టూ సమంగా ఆరేసి కుట్లు పెంచాలి. రెండో వరుసకు 12, మూడో వరుసకు 18, అలా పదహారో వరుసకు 96 అవుతాయి. అక్కడ పెంచడం ఆపేస్తే అంచు దానంతటదే పైకి లేస్తుంది. ఎనిమిది కుట్లకో పువ్వు చొప్పున చుట్టూ సరిగ్గా పన్నెండు వస్తాయి. నమూనా గళ్ళకాగితం మీద వేసుకోండి. ముగ్గులు వచ్చిన చేతులకు అదెంత పని!

చాలామంది పొరబడేది రంగు మార్చేచోట. కొత్త రంగును కొత్త కుట్టుతో మొదలుపెట్టకూడదు. అంతకుముందు కుట్టు పూర్తికాకుండా, సూదిమీద రెండు లూపులు ఉండగానే కొత్త దారం లాగి ఆ కుట్టు ముగించాలి. వరుసకు రెండు రంగులు చాలు. పని లేని దారాన్ని తెంచకుండా కుట్ల లోపల దాచుకుంటూ పోతే సంచి గట్టిగా కూడా ఉంటుంది.

లోపల గుడ్డ, పట్టీ వెనుక నాడా తప్పక కుట్టండి. నేను బద్ధకించి మానేస్తే, రెండు కొబ్బరికాయలకే నా సంచి మోకాళ్ళదాకా సాగింది!

రెండో సంచి బాగా కుదిరింది. పక్కింటి పిన్నిగారు ముచ్చటపడి, "దారం ఖరీదెంతమ్మా? ఇచ్చేసి నేను తీసుకుంటా" అన్నారు. దారం ఖరీదు చెప్పాను. పదిహేను రోజుల మధ్యాహ్నాల ఖరీదు నాకే తెలియలేదు.

మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం లేసు పనివారి గురించి 1982లో పుస్తకం రాశారు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లి విదేశాలకు సరుకు పంపే స్త్రీలను కూడా 'తీరికవేళ అల్లుకునే గృహిణులు' గానే లెక్కవేసి, అతి తక్కువ కూలి ఇచ్చేవారని చూపారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు వచ్చింది, సంతోషమే. ఆ చేతులకు లెక్క కూడా రావాలి కదా!

అందుకని దారపుబుట్టలో చిన్న కాగితం పెట్టుకుని, కూర్చున్న గంటలు రాసుకోండి. సంచి ఆడపడుచుకు కానుకగా ఇస్తారా, నవ్వుతూ ఇవ్వండి. అమ్ముతారా, దారం పక్కన ఆ గంటలూ వేసి ధర చెప్పండి. మన పనిని "ఊరికే కూర్చుని అల్లింది" అని ముందుగా మనం అనకుండా ఉంటే చాలు.

సెలవు.