చీటీ తీసుకున్నాక…



దవాఖానాకు పోయి వచ్చిన మనిషిని "డాక్టరుగారు ఏమన్నారు?" అని అడిగే ముందే మన ఇళ్ళల్లో ఇంకో ప్రశ్న పుడుతుంది. "ఇంతసేపయిందేం?" అని. ఔరాద్ నుంచో, భాల్కి నుంచో, చిట్‌గుప్ప నుంచో బీదరు వచ్చే కూలి మనిషికి వైద్యం ఖర్చులో మొదటి పద్దు మందులు కావు, ఆ రోజు కూలి. రెండో పద్దు బస్సు చార్జీ. తోడుగా వచ్చిన మనిషి కూలి కూడా కలిస్తే అది మూడో పద్దు. డాక్టరు ముఖం చూడకముందే ఇవన్నీ ఖర్చయిపోతాయి. అందుకే ఈ రోజు జబ్బుల గురించి కాకుండా, జబ్బుతో బెంచీ మీద కూర్చునే ఆ గంటల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మనది సరిహద్దు ప్రాంతం. 1956 నవంబరు 1కి ముందు బీదరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో నారాయణఖేడ్, జహీరాబాద్ ఆంధ్రప్రదేశ్ వైపు, ఉద్గీర్, నీలంగ బొంబాయి రాష్ట్రం వైపు పోయాయి. మిగిలిన భాగం మైసూరు రాష్ట్రంలో చేరింది. గీత మారింది గాని పిల్లనిచ్చి పుచ్చుకునే ఊళ్ళు మారలేదు, బస్సుదారులూ మారలేదు. పెద్ద జబ్బయితే హైదరాబాదుకు నూట నలభై కిలోమీటర్లు పోయే అలవాటు మనకు అట్లా వచ్చిందే. 2007లో బీదరులో వైద్య విజ్ఞాన సంస్థ ఏర్పడ్డాక దగ్గరలోనే నిపుణులు దొరుకుతున్నారు. కాని దూరం తగ్గినంత మాత్రాన నిరీక్షణ తగ్గదు. దాని లెక్క వేరు.

ఆ లెక్క ఒకసారి వేసి చూద్దాం. ఒక డాక్టరు ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా కూర్చున్నారనుకోండి. నాలుగు గంటలు, అంటే 240 నిమిషాలు. వచ్చినవాళ్ళు 80 మంది. మనిషికి మూడు నిమిషాలు. ఎనభై మందీ తొమ్మిదింటికే వస్తే చివరి మనిషి దాదాపు నాలుగు గంటలు కూర్చోవాలి. సగటున తలా రెండు గంటలు. అదే ఎనభై మందికి తొమ్మిదికి ఇరవై మంది, పదికి ఇరవై మంది చొప్పున గంటల వారీగా చీటీలు ఇస్తే? ఎవరికీ గంట మించదు, సగటు అరగంటకు దిగుతుంది. డాక్టరు ఒక్క నిమిషం కూడా ఎక్కువ పని చేయలేదు, ఒక్క గది కూడా కొత్తగా కట్టలేదు. మారింది చీటీ మీద రాసిన గంట ఒక్కటే.

ఇది కొత్త సంగతేమీ కాదు. నార్మన్ బెయిలీ అనే గణాంక శాస్త్రవేత్త 1952లోనే ఇంగ్లండు ఆసుపత్రుల వరసల మీద వ్యాసం రాశాడు. మొదట ఇద్దరిని రమ్మని, తర్వాత ఒక్కొక్కరికి పట్టే సగటు సమయానికి ఒక్కొక్కరిని పిలిస్తే, డాక్టరు ఖాళీగా కూర్చోనక్కరలేదు, రోగులూ గంటలకొద్దీ పడిగాపులు పడనక్కరలేదని లెక్కగట్టి చూపించాడు. డెబ్భై ఏళ్ళు దాటాయి. ఇప్పటికీ చాలాచోట్ల చీటీ మీద నంబరు ఉంటుంది, గంట ఉండదు.

గంట రాసినా మనవాళ్ళు నమ్మరన్నది కూడా నిజమే. పదకొండింటికి రమ్మంటే ఎనిమిదింటికే వచ్చి చెప్పులు వరసలో పెట్టేస్తారు. డాక్టరుగారే పదిన్నరకు వస్తే ఆ నమ్మకం ఎట్లా కుదురుతుంది? పైగా పల్లె బస్సు వచ్చేదే ఎనిమిదింటికి. కాబట్టి గడియారాన్ని బట్టి కాక బస్సును బట్టి చీటీ ఇవ్వడం మన జిల్లాకు సరిపోతుందని నా అభిప్రాయం. దూరపు పల్లెలవాళ్ళు ముందు, ఊళ్ళోవాళ్ళు తర్వాత. ఊళ్ళోవాళ్ళకు కోపం రావచ్చు, కాని వాళ్ళకు చివరి బస్సు భయం లేదు గదా.

2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం వారి ఆరోగ్య ఖాతా పథకంలో, ఆసుపత్రి గోడమీది క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో తీసుకుంటే పేరు నమోదై టోకెన్ వచ్చే పద్ధతి మొదలయింది. మంచిదే. అయితే అది చీటీ కిటికీ దగ్గరి వరసను తగ్గిస్తుంది గాని, డాక్టరు తలుపు దగ్గరి వరసను కాదు.

ఇక తృప్తి సంగతి. అమెరికాలో అత్యవసర విభాగాల రోగులను అడిగి 1996లో ప్రచురించిన ఒక పరిశోధనలో తేలిందేమిటంటే, గడియారంలో ఎన్ని నిమిషాలు గడిచాయన్నదాని కంటే, ఎందుకు ఆలస్యమవుతోందో ఎవరైనా చెప్పారా, మర్యాదగా మాట్లాడారా అన్నదే రోగి మనసుకు ముఖ్యమట. మన పెద్దవాళ్ళను అడిగినా ఇదే చెబుతారు. "లోపల ఆపరేషను నడుస్తోంది పెద్దమ్మా, గంట పడుతుంది, పోయి చాయ్ తాగి రా" అని కంపౌండరు ఒక్క మాట అంటే ఆ గంట బరువు సగమవుతుంది. "కూర్చో, పిలుస్తాం" అంటే పావుగంట కూడా పూటలాగే ఉంటుంది.

ఇక్కడ నాకొక అనుమానం. ఆసుపత్రుల్లో తృప్తి గురించి అడిగేది చూపించుకుని బయటికి వచ్చినవాళ్ళను. అందులోనూ డాక్టరుగారి ఎదుట "బాగలేదు" అనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? చీటీ తీసుకుని, మూడు గంటలు చూసి, బస్సు పోతుందని లేచి వెళ్ళిపోయినవాళ్ళను అడిగేవాళ్ళెవరు? రక్తపోటు, చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు నొప్పి ఉండదు, కాబట్టి ముందు లేచిపోయేది వాళ్ళే. నెల మందు తప్పుతుంది, తర్వాత ఒకనాడు మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయి అదే దవాఖానాకు బండిలో వస్తారు. ప్రతి సాయంత్రం ఇచ్చిన చీటీలెన్ని, చూసిన రోగులెంతమంది అని తీసివేత వేస్తే చాలు, లేచిపోయినవాళ్ళ సంఖ్య తెలుస్తుంది.

లోపలికి పోయాక దొరికేది ఎంతసేపు? 67 దేశాల లెక్కలు చూసి 2017లో ప్రచురించిన సమీక్షలో స్వీడన్‌లో ఇరవై రెండు నిమిషాలకు పైగా, బంగ్లాదేశ్‌లో నిమిషం కూడా లేదు. మన దేశంలో రెండు నిమిషాల పైచిలుకు. ఆ రెండు నిమిషాలకు మన దగ్గర భాష కూడా తోడవుతుంది. డాక్టరుగారికి కన్నడం, ఉర్దూ వచ్చు. మన ముసలమ్మ "కళ్ళు తిరుగుతున్నాయి" అంటుంది. అది చక్కర్ అని తెలియకపోతే కంటి డాక్టరు దగ్గరికి పంపినా పంపుతారు. కాబట్టి బెంచీ మీద ఉన్నప్పుడే పక్కన ఉన్న కన్నడం వచ్చినవాళ్ళతో మీ బాధ ఒక చిన్న కాగితం మీద రాయించుకోండి. ఎన్నాళ్ళుగా, ఎప్పుడెక్కువ, ఏ మందు వాడుతున్నారు, ఏ మందు పడదు. అంతే.

కొందరు మాత్రం అసలు వరసలో నిలబడకూడదు. ఛాతీలో బిగింపు, ఆయాసం, పాము కాటు, ఫిట్సు, హఠాత్తుగా ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, గర్భిణికి రక్తం పోవడం, పాలు తాగని పసిబిడ్డ, ఇవి చీటీ కోసం ఆగే జబ్బులు కావు. మొహమాటపడకుండా నేరుగా నర్సమ్మ దగ్గరికి పోయి చెప్పండి. ఇంటి దగ్గరే జరిగితే 108కి ఫోను చేయండి. గీతకు ఇటూ అటూ అదే నంబరు. కుక్క కరిస్తే బయలుదేరే ముందే సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. రెండు వారాలు దాటి దగ్గుతున్నవాళ్ళు ఆ మాట కిటికీ దగ్గరే చెప్పాలి. వాళ్ళను విడిగా కూర్చోబెట్టి ముందుగా పంపాలని ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉంది, అది పక్కన కూర్చున్న పదిమంది మేలు కోసం కూడా.

పాత చీటీలు, పరీక్షల కాగితాలు ఒకే సంచిలో పెట్టుకు వెళ్ళండి. మీ ఊరి చివరి బస్సు ఎన్నింటికో చీటీ తీసుకునేటప్పుడే చెప్పండి.