జ్ఞాపకము - చూపు - కళ

ఒక యింటిలో తాతలనాటి యిత్తడి దీపపు కుంది పోయినదనుకొందము. దాని చిత్రము లేదు. కొలతలు వ్రాసియుంచిన కాగితము లేదు. పోతపోసిన అచ్చు కూడ లేదు. అట్టి కుందినే మరల చేయుమని పనివానిని కోరినచో అతడు దేనిని చూచి చేయవలెను? మనకిది జవాబు లేని ప్రశ్నవలె తోచును. కాని ఆదిలాబాదు కొండలలో ఈ ప్రశ్నకు తరతరములుగా చేతితోనే జవాబు చెప్పుచున్న పనివారు కలరు. మన కళలు ఎక్కడ నిలిచియున్నవో తెలిసికొనుటకు నేడు వారి కొలిమి యొద్దనుండియే బయలుదేరుదము.

పూర్వపు ఆదిలాబాదు జిల్లా 2016లో నాలుగు జిల్లాలైనది. అందు కుమ్రం భీం ఆసిఫాబాదు జిల్లాకు చెందిన ఉషేగాం, కేస్లాగూడ గ్రామములందు ఓఝాలను లోహపు పనివారున్నారు. గోండుల దేవతామూర్తులు, దీపములు, గంటలు, నగలు వీరి చేతిమీదనే తయారగును. ముందుగా మట్టితో లోపలి ముద్దను చేసి యారబెట్టుదురు. తేనెమైనమును సన్నని తీగలుగా సాగదీసి, ఆ ముద్దమీద చుట్టి, అదిమి, రూపము తీర్చుదురు. బొమ్మ కన్నులు, మెడలోని పేరులు, గుఱ్ఱపు కళ్లెము సర్వమును మైనపు తీగలే. దానిపై మెత్తని మట్టిని, ఆపైన ముతక మట్టిని పూసి, ఒక రంధ్రము విడిచి, నిప్పులో పెట్టుదురు. వేడికి మైనము కరగి వెడలిపోవును. అది విడిచిన చోటున కరగిన యిత్తడిని పోయుదురు. చల్లారిన పిదప మట్టిని పగులగొట్టిన గాని బొమ్మ బయటికి రాదు.

ఇక మిగిలినదేమి? మైనము పోయినది, మట్టి పగిలినది. ఒక అచ్చునకు ఒకే బొమ్మ. తరువాతి బొమ్మకు పనివాని జ్ఞాపకము తప్ప వేరొక ఆధారము లేదు. అందుచేతనే ఒకే చేతినుండి వచ్చిన రెండు గుఱ్ఱములు ముమ్మూర్తుల ఒకటిగా నుండవు. అయినను రెండును ఆ కొండల గుఱ్ఱములేయని చూచినంతనే తెలియును. ఆదిలాబాదు డోక్రా అను పేరున ఈ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు పేరును కాపాడును. రూపమును కాపాడవలసినది మాత్రము ఆ చేతులే.

జ్ఞాపకమునకు తోడు చూపు. దీనికి సాక్ష్యము నిర్మల్ పట్టణమున కలదు. పొణికి కర్ర తేలికైనది, మెత్తనిది. దానిని చెక్కి, అతుకులను చింతగింజల బంకతోను రంపపు పొట్టుతోను కప్పి, నునుపు చేసి, రంగులు వేసి, నిర్మల్ పనివారు పండ్లను, కూరగాయలను, పక్షులను చేయుదురు. పళ్లెములో పెట్టిన కొయ్యపండును పసివాడు నిజమని నోటికి తీసికొనుట మనమెరుగుదుము. ఆ పనివాడు ఎదుట నున్న ఒక్క పండునకు నకలు తీయుటలేదు. తాను చూచిన వేయి పండ్లలో దేనిచేత పండు పండగునో దానిని ఏరుకొనుచున్నాడు. తొడిమ యొద్ద పచ్చదనము, బుగ్గమీద ఎరుపు, ఒక మూల మచ్చ, ఇవి చాలును. తక్కినదంతయు చూచువాని కన్ను పూరించుకొనును. కన్ను ఏరుకొనును, మనస్సు దాచుకొనును, చేయి మరల తీసి యిచ్చును. కళ యనగా స్థూలముగా నింతియే.

అయితే మనస్సు దాచుకొన్నదానిని దాచినట్లే యిచ్చునా? ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అను మనస్తత్వవేత్త దీనిని పరీక్షించి, 1932లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆయన ఉత్తర అమెరికా ఆదివాసుల జానపద కథనొకదానిని తనవారిచేత చదివించి, కొంత కాలము గడచిన పిదప మరల చెప్పించెను. కథ పొట్టిదైనది. వారికి వింతగా తోచిన విషయములు జారిపోయినవి. మిగిలినవి వారికి పరిచితములైన రూపములు ధరించినవి. ఆదివాసుల తెడ్లదోనె సామాన్యమైన పడవగా మారినది. జ్ఞాపకము గాదెలో పోసిన ధాన్యము కాదనియు, తీసిన ప్రతిసారియు మనవారి అలవాటును బట్టి మరల కూర్చబడుననియు దీనివలన తేలినది.

అట్లయినచో వ్రాత లేని కథ తరతరములు ఎట్లు నిలుచును? దీనికి జవాబు మరల ఆదిలాబాదులోనే దొరకును. గోండులకు పర్ధానులు వంశగాయకులు. గోండుల వంశములు నలుగురు, అయిదుగురు, ఆరుగురు, ఏడుగురు దేవతలవారుగా విభజింపబడియున్నవి. ఏ వంశము ఎక్కడ పుట్టినది, ఏ కొండ దాటినది, ఏ దేవతను కొలిచినది అను కథను పర్ధాను కిక్రి యను తీగల వాద్యము వాయించుచు పాడును. ఒక్కొక్క గోండు కుటుంబమునకు ఒక్కొక్క పర్ధాను కుటుంబము పరంపరగా పాడును. ఆ యింటివారు ధాన్యమో పశువో కానుకగా నిత్తురు. హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు 1940 దశకములో మార్లవాయిలో నివసించి, ఈ కథలను పర్ధానుల నోట విని వ్రాసికొనెను. ఆయన గోండులను గూర్చి 1948లో ప్రకటించిన గ్రంథమునకు ఇవి ముఖ్యాధారములు.

ఇక్కడ మా తప్పునొకదానిని శ్రోతల యెదుట ఒప్పుకొనవలసి యున్నది.

కొన్ని యేండ్ల క్రిందట ఆ కొండలలోని ఒక గూడెమునకు వంశకథను ధ్వనిముద్రణము చేయుటకు వెళ్లితిమి. ఒక వృద్ధ పర్ధానును చెట్టునీడను కూర్చుండబెట్టి, యంత్రమును సరిచేసి, పాడుమంటిమి. ఆయన కిక్రిని ఒడిలోనుంచుకొని, తనకు వచ్చిన తెలుగులో, “ఎవలింటి కథ చెప్పాలె, సారూ?” అని అడిగెను. ఏ యింటిదైనను సరియే యంటిమి. ఆయన నవ్వి, “ఇంటోళ్లు లేకుంట కథ యాడికెల్లి షురువు జేయాలె?” అనెను. మాకు అర్థము కాలేదు. మాతో వచ్చిన ఉపాధ్యాయుడు గ్రహించి, ఆ పర్ధాను పాడవలసిన యింటి పెద్దను పిలుచుకొని వచ్చెను. ఆ పెద్ద ఎదుట కూర్చున్న పిదప గాని పాట మొదలు కాలేదు.

పాట రెండు గంటలు సాగినది. నడుమ ఒకచోట ఇంటి పెద్ద చేయి యెత్తి ఏమో అనెను. గాయకుడు తల యూచి, వెనుకకు వెళ్లి, ఒక చరణము మరల పాడెను. ఒక వాగు పేరు తప్పిపోయినదనియు, దానిని సరిచేసినాడనియు ఉపాధ్యాయుడు మాకు తెలిపెను. అప్పుడైనను మేము మేలుకొనలేదు. కార్యక్రమమునకు మాకున్న వ్యవధి పదునైదు నిమిషములు. తిరిగి వచ్చి కోతకు కూర్చుంటిమి. కథలో కొండల పేర్లు, వాగుల పేర్లు, విడిది చేసిన చోట్ల పేర్లు వరుసగా వచ్చుచుండెను. అవి విసుగు పుట్టించునని తలచి, వానినే ముందుగా తీసివేసితిమి. యుద్ధమును, దేవత ప్రత్యక్షమగుటను ఉంచితిమి. కార్యక్రమము బాగున్నదని పలువురు మెచ్చుకొనిరి. పూర్తి ముద్రణమును మాత్రము భద్రపరుపలేదు.

రెండేండ్లకు అదే గూడెమునకు మరల వెళ్లితిమి. ఆ వృద్ధుని మనుమడు పదునారేండ్లవాడు, తాను కథ నేర్చుకొంటినని చెప్పి, కిక్రి తీసికొని చక్కగా పాడెను. పదునైదు నిమిషములకు ముగించెను. మా ప్రసారమును సెల్‌ఫోనులో పట్టుకొని, దానిని వినియే అతడు నేర్చుకొనినాడు! యుద్ధమున్నది, దేవత యున్నది, వాగు ఒక్కటియు లేదు. తాత ఏమియు అనలేదు. ఇంటి పెద్ద మాత్రము మావైపు తిరిగి, “మా వాగు ఏమాయె, సారూ?” అని అడిగెను.

ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేకపోయెను. మాకు విసుగనిపించిన ఆ పేర్ల వరుసయే ఆ వంశమువారికి తాము నడచి వచ్చిన దారి. బార్ట్‌లెట్ కేంబ్రిడ్జిలో కనిపెట్టినదానినే మేము కత్తెరతో చేసితిమి. మాకు వింతయైనదానిని జారవిడిచి, మాకు పరిచితమైనదానిని నిలిపితిమి. పర్ధాను ఒంటరిగా జ్ఞాపకముంచుకొనుటలేదు. తెలిసిన చెవి ఎదుట నున్నది గనుక కథ దారి తప్పుటలేదు. యంత్రమునకు చెవి కలదు కాని, చేయి యెత్తి “ఆ వాగు ఏది?” యని అడుగు నోరు లేదు. ఆ దినముననే తాతను, ఇంటి పెద్దను, మనుమని ఒకచోట కూర్చుండబెట్టి, వ్యవధి మాట తలపెట్టక మొదటినుండి ముద్రించితిమి. వృద్ధుని గొంతు అప్పటికే సన్నగిల్లినది. ఇద్దరు పెద్దలును కలిసి వెదకినను రెండు చోట్ల పేర్లు దొరకలేదు. ఆ రెండు చోట్లను అట్లే ఖాళీగా నుంచితిమి.

చూచువారిని బట్టి కళ మారునను మాటకు గుస్సాడీ మరియొక నిదర్శనము. దీపావళి దినములలో జరుగు దండారీ పండుగలో నెమలియీకల కిరీటము ధరించి, ఒంటికి బూడిద పూసికొని గుస్సాడీలు నర్తింతురు. పండుగ ముగియువరకు వారు స్నానము చేయరు. ఊరివారి కన్నులకు వారు ఏత్మాసుర్ పేన్ దేవత పూనినవారు. మార్లవాయి వాస్తవ్యుడైన కనకరాజు ఈ నృత్యమును ఢిల్లీ గణతంత్ర దినోత్సవమునకు తీసికొని వెళ్లెను. 2021లో ఆయనను పద్మశ్రీ పురస్కారము వరించినది. 2024లో కాలధర్మము చెందెను. అడుగు అదే, ఈకలు అవే. గూడెములో అది దేవత రాక, రాజధాని వీథిలో కన్నుల పండుగ. పరుల చూపు వలన ఆ కళకు గౌరవము పెరిగినది, నిజమే. కాని దేవతగా చూచు కన్నులు గూడెములో లేకపోయిననాడు రాజధానికి వెళ్లునది ఈకల కిరీటము మాత్రమే.

కరీంనగరమువైపు వచ్చిన, రాతికి కూడ ఈ ధర్మమే వర్తించును. కురిక్యాల యొద్ద బొమ్మలగుట్టమీద పదవ శతాబ్దమున జినవల్లభుడు శాసనము చెక్కించెను. ఇతడు కన్నడ ఆదికవి పంపని సోదరుడు. సంస్కృత కన్నడములతోపాటు అందు తెలుగు కందపద్యములు కలవు. 2008లో తెలుగునకు ప్రాచీన భాషా ప్రతిపత్తి లభించుటకు చూపబడిన ఆధారములలో ఇదియు నొకటి. ఆ రాయి వేయేండ్లు ఎండకు వానకు నిలిచినది. అయినను చదువగల కన్ను దానిమీద పడువరకు అది గుట్టమీది గీతలు మాత్రమే. రాయి అక్షరమును మోయగలదు. అర్థమును మోయవలసినవాడు మనుష్యుడే.

ధ్వనిముద్రణములు, గ్రంథములు, ప్రదర్శనశాలలు వ్యర్థములని మా అభిప్రాయము కాదు. ఆ వృత్తిలోనే మేము బ్రదుకుచున్నాము. కాని అవి ఓఝా చేసిన మట్టి అచ్చువంటివి. రూపమును కొంతసేపు పట్టియుంచును. మరల మైనము దిద్దగల చేయి, తప్పును పట్టగల చెవి లేనినాడు అచ్చు వట్టి మట్టియే. పర్ధాను పాటకు నేడు కావలసినది మెప్పు మాత్రమే కాదు. పాడుమని పిలుచు ఇల్లు కావలెను.

ఇది కొండలకే చెందిన సంగతి కాదు. మీ యింటిలో బతుకమ్మపాట తెలిసిన అమ్మమ్మ యుండవచ్చును. ఊరి చెరువు ఎవరు త్రవ్వించిరో చెప్పగల పెద్దనాయన యుండవచ్చును. మా కార్యక్రమమునకు ఇది నష్టమైనను చెప్పుచున్నాము: ఈ రాత్రికి రేడియోను కట్టి, వారిని అడుగుడు. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుడు. పేర్ల వరుస వచ్చినప్పుడు త్వరపెట్టకుడు. ఎక్కడైన ఒక వాగు తప్పిపోయినట్లు తోచినచో, చేయి యెత్తి అడుగుడు.