వెతకకుండానే కనిపించే అంగడి

ఫోన్‌లో సరుకు కొనే పద్ధతులు రెండు. కావలసిన వస్తువు పేరు రాసి వెతకడం ఒకటి. అంగట్లో చీరలు ఒక్కొక్కటే పరిపించుకుని చూసినట్టు, తెర మీద బొమ్మలు జరుపుతూ నచ్చినదాని దగ్గర ఆగడం రెండోది. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ ప్రధానంగా మొదటి దారిలో పెరిగాయి. 2015లో బెంగళూరులో పుట్టిన మీషో రెండో దారి పట్టింది.

తొలినాళ్లలో మహిళలు ఈ యాప్‌లోని చీరల ఫొటోలను వాట్సాప్‌లో తెలిసినవారికి పంపి, ధరపై తమ లాభం కలుపుకుని అమ్మేవారు. తర్వాత కొనేవారే నేరుగా యాప్‌లోకి వచ్చారు. 2021లో అమ్మకందారులకు కమిషన్ లేని పద్ధతి, 2022లో యాప్‌ను తెలుగులో వాడే వీలు వచ్చాయి.

కర్నూలు, కడప జిల్లాల్లో పట్నానికి దూరంగా ఉన్న పల్లెలకు బొమ్మలు చూస్తూ కొనే ఈ పద్ధతి అనువైనది. వస్తువు పేరు తెలియకపోయినా బొమ్మ చూసి ఎంచుకోవచ్చు. సరుకు చేతికొచ్చాకే డబ్బు ఇవ్వవచ్చు. ఎమ్మిగనూరు, మాధవరం నేతగాళ్లకూ ఆన్‌లైన్ అమ్మకం ఒక అవకాశమే. ఆంధ్రప్రదేశ్‌లో ఏటా 40 లక్షల రూపాయల లోపు సరుకు అమ్మేవారు 2023 అక్టోబరు నుంచి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకున్నా ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో సొంత రాష్ట్రంలో అమ్మవచ్చు.

అయితే ఫొటోలో మరమగ్గం చీర కూడా చేనేతలాగే కనిపిస్తుంది. అందుకే అసలు చేనేతకు వేసే హ్యాండ్‌లూమ్ మార్క్, అమ్మకందారు వివరాలు, వాపసు గడువు తప్పక చూడాలి. నేతగాడి కష్టానికి తగిన ధర దక్కేది అప్పుడే. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు.