శ్రీశైల యాత్రలో మజిలీలు



హైదరాబాదు నుండి శ్రీశైలానికి 200 కిలోమీటర్ల పైచిలుకు దారి. మన్ననూరు దాటితే నల్లమల పులుల అభయారణ్యం. రాత్రి 9 నుండి ఉదయం 6 గంటల వరకు ఆ దారిలో వాహనాలను అనుమతించరు.

ఒకసారి మేము సకుటుంబంగా ఆలస్యంగా బయలుదేరి, గేటు మూసేలోగా చేరాలన్న ఆత్రంతో ఎక్కడా ఆగలేదు. ఘాటు మలుపుల్లో మా తల్లిగారికి చెమటలు పట్టి చేతులు వణికాయి. ఆమె మధుమేహ రోగి. చక్కెర నీళ్లు త్రాగించాక తేరుకుని, "ఆపమంటే మీకు ఆలస్యమవుతుందని మంచినీళ్లయినా త్రాగలేదు నాయనా!" అన్నారు. ఆ మాట నన్ను నేటికీ బాధిస్తుంది.

నాటి నుండి మాకొక నియమం. తెల్లవారుజామున బయలుదేరుతాము. ఎవరూ అడగకపోయినా రెండు గంటలకొకసారి బండి ఆపుతాము. కల్వకుర్తిలో ఫలహారం. మన్ననూరుకు ముందే ఉమామహేశ్వరంలో దర్శనం, విశ్రాంతి. పెద్దలు, పిల్లలు కాలకృత్యాలు తీర్చుకున్నాకే అడవిలో ప్రవేశం. అడవిలో మాత్రం దిగము; కోతులకు ఆహారం వేయము.

త్రిపురాంతకం, సిద్ధవటం, అలంపురం, ఉమామహేశ్వరం శ్రీశైలానికి నాలుగు ద్వారాలని ప్రసిద్ధి. ద్వారం వద్ద నిలిచి లోనికి వెళ్లడం మన మర్యాద. కనుక త్రోవలో ఆగడం కాలహరణం కాదు, యాత్రలో భాగమే.

ఆపమని నోరు తెరిచి అడగలేని వారు మీ బండిలోనూ ఉంటారు. వారు అడగకముందే ఆపండి.