విశాఖకు ఎంత దూరంలో ఉన్నాం?



విశాఖను పక్కనపెట్టి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బతుకుతెరువు గురించి మాట్లాడలేం. 1933లో ఓడరేవు తెరిచారు. తర్వాత నౌకల కర్మాగారం, చమురుశుద్ధి, ఉక్కు ఫ్యాక్టరీ వచ్చాయి. అవి వచ్చినప్పుడల్లా మన ఊళ్ల వాళ్లు రైలెక్కారు. వాళ్లు పంపిన డబ్బుతో ఇక్కడ అప్పులు తీరాయి, పిల్లలు కాలేజీలకు వెళ్లారు. ఆ మేలు మరవకూడదు.

అయితే అందరికీ ఒకేలా అందలేదు. విమానాశ్రయం వస్తోందనగానే భోగాపురం చుట్టూ తోటలు లేఔట్లయ్యాయి. భూమి ఉన్నవాళ్లకు నాలుగు డబ్బులొచ్చాయి. కౌలురైతుకు, కూలికి పని పోయింది. విశాఖలో చేపల రేవు ఉన్నా మన తీరంలో పడవ ఆపుకొనే జెట్టీలు లేక మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోయారు. 2018లో అలా వెళ్లినవాళ్లలో కొందరు పాకిస్థాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు.

ఇక పలాస సంగతి. అక్కడ జీడిపిక్కలు పగలగొట్టి, పొట్టు తీసి, గుళ్లు, బద్దలు, ముక్కలు వేరుచేసే పని ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదే సాగుతుంది. ఆ పరిశ్రమలకు చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో పండే జీడిపంట చాలదు. ఆఫ్రికా పిక్కలు విశాఖ రేవులో దిగి లారీల్లో వస్తేనే ఆ ఆడవాళ్లకు చేతినిండా పని. ఆ దిగుమతుల వల్లే తన 80 కిలోల బస్తాకు గిట్టుబాటు ధర రావడం లేదని ఉద్దానం రైతు రోడ్డెక్కాడు. 2018లో తిత్లీ తుపానుకు తోట కూలిపోయి, మళ్లీ మొక్క నాటి ఏళ్లు ఎదురుచూసిన రైతు అతను. ఇద్దరి మాటా నిజమే. ఒకరి కూలి, మరొకరి ధర రెండూ ఆ రేవు దగ్గరే తేలుతున్నాయి. ఆ బేరంలో మాత్రం ఇద్దరికీ చోటు లేదు.

సొంత పని ఉన్న ఊరికి నగరం అండ అవుతుంది, లేని ఊరిని ఖాళీ చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. నెల్లిమర్లలో జూట్ మిల్లు మూతపడినప్పుడల్లా, విశాఖ అంత దగ్గర్లో ఉండీ ఆ కార్మికుల ఇళ్లు గడవడం కష్టమైంది.

ఇప్పుడు మూలపేటలో మనకూ రేవు వస్తోంది. ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో కామర్స్ చదివినవాళ్లు ఉద్దానం రైతు సంఘాల లెక్కలు చూడండి. రసాయన శాస్త్రం చదివినవాళ్లు పైడిభీమవరం మందుల కంపెనీల పక్క ఊళ్లలో బావినీళ్లు పరీక్షించండి. మూలపేటలో దిగే సరుకుకు గోదాము, ఐసు ఫ్యాక్టరీ, పొట్టు తీసే యంత్రం ఎక్కడ పెడతారో, అందులో ఎవరికి పనిస్తారో పనులు పూర్తికాకముందే అధికారులను అడగండి.