న్యాయవిద్యకు మార్గములు – ఆ మార్గములలో న్యాయము

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రామ గ్రంథాలయమునకు వచ్చు యువకులు తరచుగా అడుగు ప్రశ్నలలో ఇది యొకటి: “ప్లీడరు కావలెనన్న ఏమి చదువవలెను? ఎన్నేండ్లు పట్టును?” వినుటకు ఇది చిన్న ప్రశ్నయే. కాని దీని వెనుక పెద్ద ప్రశ్న యొకటి దాగియున్నది. ఒకే నల్లకోటు ధరించుటకు కొందరు ఒక దారినబోవుచున్నారు, కొందరు వేరొక దారిన బోవుచున్నారు. కొందరికి ద్వారమే మూయబడియున్నది. ఈ భేదములు న్యాయమైనవేనా? న్యాయమును నేర్పు విద్యలోనే న్యాయము లేకున్న దానిని మరెక్కడ వెదకవలెను?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఆంగ్లేయుల కాలమున న్యాయవాదులలో అనేక శ్రేణు లుండెడివి. సెకండుగ్రేడు ప్లీడర్లు, ఫస్టుగ్రేడు ప్లీడర్లు, హైకోర్టు వకీళ్లు, వారందరికిని పైన సీమకు బోయి చదివివచ్చిన బారిస్టర్లు. ఏ మెట్టుమీద నున్నవాడు ఏ కోర్టులో నోరు విప్పవచ్చునో ముందుగనే నిర్ణయింపబడియుండెడిది. ఒంగోలులో తల్లి పూటకూళ్ల యిల్లు నడిపి పెంచిన టంగుటూరి ప్రకాశంగారు రాజమహేంద్రవరమున సెకండుగ్రేడు ప్లీడరుగా మంచి పేరు తెచ్చుకొనిరి. కాని ఆ పట్టముతో హైకోర్టులో వాదించు నధికారము లేదు. ఆయన 1904లో సముద్రములు దాటి ఇంగ్లాండు వెళ్లి, బారిస్టరై, 1907లో మద్రాసున వృత్తి నారంభించిరి. సీమకు బోక పూర్వము లేని వాదనాశక్తి ఓడ దిగగానే వచ్చినదా? శక్తి మొదటినుండియు నున్నది. మారినది చీటి మాత్రమే. ఓడ యెక్కు స్థోమత లేక క్రింది మెట్టుమీదనే నిలిచిపోయిన ప్రతిభావంతు లెందరుందురో ఊహించుకొనవచ్చును.

స్వతంత్రభారతము ఈ మెట్లను తొలగించినది. 1961లో వచ్చిన అడ్వొకేట్ల చట్టము న్యాయవాదవృత్తికి ‘అడ్వొకేటు’ అను ఒక్క తరగతినే గుర్తించి, న్యాయవిద్యాప్రమాణములను నిర్ణయించు బాధ్యతను, విశ్వవిద్యాలయములతో సంప్రదించుచు, భారత బార్ కౌన్సిలునకు అప్పగించినది. కోర్టులో అందరును సమానులైరి. మరి కాలేజి వాకిట సమానులైరా?

నేడు ముఖ్యముగా రెండు మార్గములు గలవు. ఇంటర్మీడియెట్ పిమ్మట నేరుగా ఐదేండ్లు చదువునది మొదటిది. ఏదేని డిగ్రీ పొందిన పిమ్మట మూడేండ్లు చదువునది రెండవది. ఐదేండ్ల విధానమునకు పేరు తెచ్చినవి జాతీయ న్యాయవిశ్వవిద్యాలయములు. 1988లో బెంగుళూరున మొదటి తరగతులు సాగినవి. 1998లో హైదరాబాదున నల్సార్, 2008లో విశాఖపట్టణమున నేడు దామోదరం సంజీవయ్యగారి పేరు గల మరియొకటి వెలసినవి. వీనిలో వసతియు, గ్రంథసంపదయు, ఉత్తమాధ్యాపకులును గలరు. కాని ఏటేట లక్షల రూపాయల వ్యయము. 2008లో ఆరంభమైన ఉమ్మడి ప్రవేశపరీక్ష ‘క్లాట్’ ఆంగ్లభాషలోనే జరుగును. మన రాష్ట్రముల ‘లాసెట్’ను తెలుగులోను వ్రాయవచ్చును.

మూడేండ్లవారిని చూచి, “వీరిది తక్కువ చదువు” అని కొందరు చిన్నచూపు చూతురు. లెక్క వేసి చూచిన సంగతి వేరు. మూడేండ్ల డిగ్రీయు, మూడేండ్ల న్యాయశాస్త్రమును కలిపిన ఆరేండ్లు. ఐదేండ్లవారికంటె ఒక యేడు హెచ్చే. పదునెనిమిదవ యేటనే న్యాయవాది కావలెనని నిశ్చయించుకొన్నవానికి మొదటి మార్గము తగును. ఆ వయస్సున అట్టి చదువొకటి కలదని చెప్పువారు లేని పల్లెటూరి బాలునకును, పెండ్లియై, పిల్లలు పెరిగిన పిమ్మట పుస్తకము చేపట్టిన గృహిణికిని, భూమి తగాదాలలో కోర్టుల చుట్టు తిరిగి చట్టము నేర్వవలెనని తలచిన రైతుకును రెండవదే శరణ్యము. 2008 నాటి నియమములు ఐదేండ్ల చదువునకు ఇరువదియేండ్లు, మూడేండ్ల చదువునకు ముప్పదియేండ్లు వయఃపరిమితిగా పెట్టినవి. తరువాత తొలగించి, 2016లో మరల విధింపగా, 2017 మార్చిలో సుప్రీంకోర్టు దానిని నిలిపివేసినది. ఆలస్యముగా మేల్కొన్నవానికి చదువు నిరాకరించుట న్యాయము కాదు.

ఇక ఉద్యోగస్థుల మాట. న్యాయశాస్త్రపట్టమును తపాలా పాఠములతో సంపాదించుటకు వీలులేదు. తరగతికి రావలెను, నూటికి డెబ్బదిపాళ్లు హాజరుండవలెను. పగలెల్ల పని చేసినగాని పూటగడవనివానికి ఇది కఠినమే. ఐనను ఈ నియమము అకారణము కాదు. సాక్షిని ప్రశ్నించుటయు, ఎదుటివాని వాదమును విని వెంటనే బదులు చెప్పుటయు పదిమందిలో నేర్వవలసిన విద్యలు. అనుభవము లేని న్యాయవాది చేసిన తప్పునకు శిక్ష కక్షిదారు అనుభవించును. అన్యాయ మున్నది నియమమున కాదు, దాని ఆచరణమున. కొన్ని చోట్ల హాజరు పుస్తకములో మాత్రమే కనబడును, విద్యార్థి కనబడడు. కూలి మానుకొని ప్రతిదినమును వచ్చినవానికిని, రుసుము చెల్లించి ఇంటనుండినవానికిని ఒకే పట్టమిచ్చుట మొదటివానికి చేయు ద్రోహము.

అన్నిటికంటె ఆలోచింపదగిన విషయ మొకటి కలదు. 1982లో హైదరాబాదున సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. 1991లో దానికి డాక్టరు అంబేద్కరుగారి పేరు పెట్టిరి. బడిచదువు నడుమ ఆగిపోయినవారిని సయితము అర్హతపరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకొని, ఎందరి జీవితములలోనో వెలుగు నింపిన సంస్థ యిది. కాని బార్ కౌన్సిల్ 2008లో చేసిన నియమము ప్రకారము, క్రింది చదువు లేకయే నేరుగా సార్వత్రిక విశ్వవిద్యాలయమున పట్టము పొందినవారు లా కాలేజీలో చేరుటకు అర్హులు కారు. దూరవిద్య అగుట దోషము కాదు. నడుమ మెట్టు లేకుండుట దోషము. పదియును, ఇంటరును సార్వత్రిక పాఠశాలలోనైనను వరుసగా చదివి, పిమ్మట డిగ్రీ చేసినవానికి అడ్డులేదు.

పునాది లేని గోడ నిలువదని బార్ కౌన్సిల్ పక్షమువారందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. ఐనను మూడేండ్లు డిగ్రీపరీక్షలలో నెగ్గినవానికి పునాది లేదనుట యెట్లు? సందేహమున్న ప్రవేశపరీక్షలో పరీక్షింపవచ్చును గదా! బాల్యమున పశువులు కాచినందుకు ఒకసారి, ఆ లోటును స్వయంకృషితో పూడ్చుకొన్న పిమ్మట మరియొకసారి, ఒక్క పేదరికమునకే రెండు శిక్షలు విధించుట ధర్మము కాదు.

కొలత చివర నుండవలెను. అట్టి కొలత నేడు కలదు. అఖిల భారత బార్ పరీక్ష మొదటిసారి 2011లో జరిగినది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగధర్మాసనము దాని చెల్లుబాటును స్థిరపరచినది. పేరుపొందిన విశ్వవిద్యాలయమునుండి వచ్చినను, జిల్లా కాలేజీనుండి వచ్చినను ప్రశ్నపత్ర మొక్కటే. ఈ పరీక్షను బిగువుగను, నిజాయితీగను జరిపినచో ఏ దారి గొప్పది, ఏ దారి తక్కువది అను వాదమునకు చోటుండదు. దారులు అనేకములుగ నుండవచ్చును. ప్రతి దారియు నిజముగ నడచినదై యుండవలెను. తూచు త్రాసు ఒక్కటి కావలెను. సమత్వ మన నిదియే.

నియమము మారువరకు గ్రంథాలయము చేయదగిన పని యొకటి కలదు. అడ్డదారి డిగ్రీ కాగితము చేతబట్టుకొని లా కాలేజి వాకిట భంగపడిన పిమ్మట ఓదార్చుట కంటె, ముందుగనే సరియైన మెట్లు చూపుట మేలు. చదువు మానిన యువకుడు పత్రిక కొరకు ఇచ్చటికి వచ్చినపుడు, “నాయనా, ముందు పది వ్రాయుము, పిదప ఇంటరు వ్రాయుము, ఆపైన డిగ్రీ” అని చెప్పువా డొక్కడుండిన చాలును. ప్రవేశప్రకటనలు గోడకు అంటించుటయు, భారత రాజ్యాంగమును, ముఖ్యమైన చట్టములను తెలుగులో బీరువాలో నుంచుటయు పెద్ద వ్యయముతో కూడిన పనులు కావు.

పుస్తకము తీసికొనువానిని, “నీవే బడిలో చదివితివి?” అని గ్రంథాలయము అడుగదు. చదువవలెనను కోరిక యున్న చాలును. ఈ ఉదారత న్యాయవిద్యకును అలవడుగాక! ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, దీని బల్లల యొద్ద చదువుకొన్న పేదబిడ్డలు న్యాయస్థానములలో పేదల పక్షమున నిలిచి వాదింతురు గాక!